చంటిపిల్లల మూత్రంలో రాళ్లు: ఆనవాళ్లు పట్టుకోవడం ఎలా

మావాడికి రెండున్నరేళ్లప్పుడు ఒక కొత్త అలవాటు మొదలైంది. ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయి, నిక్కరు ముందు భాగాన్ని పిడికిట్లో పట్టుకుని లాగేవాడు. చెడ్డ అలవాటు అనుకుని చెయ్యి తీసేసేవాళ్లం, రెండుమూడుసార్లు గట్టిగా కసిరాం కూడా. అలా రెండు వారాలు గడిచాక ఒక పొద్దున ఉచ్చ పోస్తుండగా ధార టక్కున ఆగిపోయింది. వాడు కాళ్లు నేలకేసి కొడుతూ ఏడ్చాడు. ఎత్తుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంటే నిమిషంలో మళ్లీ పోశాడు, నా బట్టల మీదే. ఆ సాయంత్రం స్కానింగ్‌లో మూత్రాశయంలో 7 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు.

నేను డాక్టర్‌ని కాను. ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి, మావాడిని చూసుకుంటూ నేర్చుకున్నది ఇది. కిడ్నీ రాయి అనగానే మనకు నడుము పట్టుకుని మెలికలు తిరిగే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ బొమ్మ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. వాళ్ల విషయంలో రాయి ముందుగా బయటపడేది డైపర్‌లో, ఉచ్చ ధారలో, అంతుపట్టని పేచీలో.

ఇవి ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి

- జ్వరంతో పాటు మూత్రం తగ్గిపోయినా, జ్వరంతో పాటు డొక్కలో నొప్పి ఉన్నా. రాయి అడ్డుపడిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.
- 3 నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించి జ్వరం. ఇంకే లక్షణమూ లేకపోయినా సరే.
- చంటిబిడ్డ 8 గంటలుగా, కాస్త పెద్దపిల్లలు 12 గంటలుగా మూత్రం పోయకపోవడం. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, చెయ్యి పెడితే ఏడుస్తుంటే ఆ గంటల లెక్క కూడా చూడొద్దు.
- వాంతులు ఆగకపోవడం, పాలు పట్టకపోవడం, లేపినా మగతగా ఉండటం.
- మూత్రంలో రక్తపు గడ్డలు. ముఖం, పాదాలు ఉబ్బడం.
- పుట్టుకతోనే ఒక్క కిడ్నీ ఉన్న బిడ్డకు పైన చెప్పిన వాటిలో ఏది కొంచెం కనిపించినా.

మొదటి అడుగు: వయసును బట్టి చూడండి

ఏడాదిలోపు పిల్లలకు నొప్పి ఎక్కడుందో వాళ్లకే తెలియదు. ఎక్కడ నొప్పొచ్చినా ఒకేలా ఏడుస్తారు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడవడం, పాలు తాగుతూ తాగుతూ వదిలేయడం, వాంతులు, బరువు సరిగ్గా పెరగకపోవడం రాయి ఉన్నా ఉండొచ్చు. కడుపులో గాలి చేరినా ఇందులో సగం కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే. అందుకే ఏడుపుకీ ఉచ్చకీ సంబంధం ఉందేమో చూడాలి. ఉచ్చ పోయడానికి ముందు కాస్త చిరాకుపడటం చాలామంది చంటిపిల్లల్లో మామూలే. పోస్తున్నంతసేపూ ఏడవడం, ముక్కుతూ పోయడం, రోజులో చాలాసార్లు అలాగే జరగడం మామూలు కాదు. ఒక గంట డైపర్ తీసేసి, కింద మెత్తటి గుడ్డ వేసి పడుకోబెట్టి చూడండి. డైపర్ ఉన్నంతకాలం మనకు కనపడనిది ఆ గంటలో కనపడుతుంది.

ఏడాది దాటాక మూడేళ్లదాకా చేతులు మాట్లాడతాయి. ఎక్కడ నొప్పి అంటే దాదాపు అందరూ బొడ్డు మీదే చెయ్యి పెడతారు. కిడ్నీ వెనకాల డొక్కలో ఉన్నా సరే, చూపించేది బొడ్డే. అందుకని బొడ్డు చూపించాడు కాబట్టి అజీర్తేనని తేల్చేయకండి. మగపిల్లలు అంగాన్ని లాగుతారు, చివర నలుపుతారు. మూత్రాశయంలో రాయి గుచ్చుకుంటే నొప్పి తెలిసేది ఆ చివరనే. ఆడపిల్లలు కాళ్లు మెలేసుకుంటారు, మడమ మీద కూర్చుని అదుముకుంటారు. వీటిని చెడ్డ అలవాటు ఖాతాలో వేసే ముందు ఒక్క యూరిన్ టెస్ట్ చేయించండి. మేం చేయించలేదు, కసిరాం. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇదే వయసులో ఇంకో గుర్తు ఉంది. పక్క తడపడం మానేసి నెలలైన పిల్ల మళ్లీ తడపడం, ఐదు నిమిషాలకోసారి బాత్‌రూమ్‌కి పరిగెత్తి రెండు బొట్లు పోసి రావడం.

మూడు దాటితే కొంచెం చెప్పగలుగుతారు. డొక్కలో మొదలై గజ్జ వైపు దిగే నొప్పి, అలలు అలలుగా వచ్చిపోవడం, దానితో పాటు వాంతి, ముఖం పాలిపోవడం. పెద్దవాళ్లలో చూసే తీరు ఈ వయసు నుంచి నెమ్మదిగా మొదలవుతుంది. నొప్పి లేని అరగంటలో పిల్లవాడు చక్కగా ఆడుకుంటాడు. అది చూసి నటిస్తున్నాడనుకోవద్దు.

ఏ గుర్తూ లేకుండా కూడా రాళ్లు ఉంటాయి. వేరే పనికి తీసిన స్కానింగ్‌లో బయటపడేవీ, మూత్రంలో పదేపదే ఇన్ఫెక్షన్ రావడం వల్ల వెతికితే దొరికేవీ చాలానే.

రెండో అడుగు: డైపర్‌ని చదవండి

ఈ భాగం కాస్త పొడవుగా ఉంటుంది, కావాలనే. ఇంట్లో మన చేతిలో ఉన్న పరీక్ష ఇదొక్కటే.

ముందు రంగు. లేత గులాబీ, ఎరుపు, కోలా రంగు, మాంసం కడిగిన నీళ్ల రంగు కనిపిస్తే రక్తం ఉందేమోనని అనుమానించాలి. అయితే ఎర్రగా కనిపించిందల్లా రక్తం కాదు. పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో డైపర్ మీద ఇటుకపొడి లాంటి నారింజ మరక రావడం మామూలు. అవి యూరేట్ స్ఫటికాలు, బిడ్డకు పాలు ఇంకాస్త అందాలని చెప్పే గుర్తు. ఆ మరక గుడ్డ పైనే పొడిలా ఉంటుంది, రక్తం లోపలికి ఇంకి ఎండాక గోధుమ రంగుకి తిరుగుతుంది. మొదటి వారం దాటినా ఇటుకపొడి ఆగకపోతే డాక్టర్‌కి చూపించాలి. అప్పుడే పుట్టిన ఆడపిల్లల్లో తల్లి హార్మోన్ల ప్రభావం తగ్గేటప్పుడు యోని నుంచి రెండు చుక్కల రక్తం రావచ్చు, అదీ భయపడాల్సింది కాదు. బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకుంటున్నా మూత్రం రంగు మారుతుంది. ఇంకో మాట: రాయి ఉన్నా మూత్రం కంటికి తేటగానే ఉండొచ్చు, రక్తకణాలు మైక్రోస్కోప్‌కే దొరకొచ్చు.

తర్వాత గరుకు. ఎండిన గుడ్డ మీద ఇసుక లాంటి రేణువులు, పసుపుపచ్చ, గోధుమ, తెల్ల పలుకులు కనిపిస్తాయేమో చూడండి. ఇక్కడ చాలామంది హడలిపోయే పొరపాటు ఒకటుంది. వాడి పారేసే డైపర్లలో తడిని పీల్చే జెల్ ఉంటుంది. డైపర్ ఎక్కువసేపు ఉంచినా, ఎక్కడైనా చిరిగినా ఆ జెల్ గింజలు బయటికొచ్చి బిడ్డ ఒంటికి అంటుకుంటాయి. అవి అచ్చం స్ఫటికాల్లా మెరుస్తాయి. ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. మెత్తగా జారిపోతే జెల్. గట్టిగా, ఉప్పుకల్లులా గీసుకుంటే దాన్ని పారేయకండి. అనుమానం ఉన్న రెండు రోజులూ డైపర్ లోపల ఒక తెల్లటి నూలుగుడ్డ వేస్తే ఈ గందరగోళం ఉండదు, రంగు కూడా సరిగ్గా తెలుస్తుంది.

ఆ తర్వాత ఎంత పోస్తున్నారన్నది. పుట్టిన వారం దాటిన బిడ్డకు రోజుకు కనీసం ఆరు డైపర్లు బాగా తడవాలి. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే వంటింటి తూకం చాలు. పొడి డైపర్ 30 గ్రాములుండి, తడిసింది 110 తూగితే 80 మిల్లీలీటర్ల మూత్రం అన్నట్టు. గ్రాముకు మిల్లీలీటర్ లెక్క. చంటిపిల్లల్లో గంటకు కిలో బరువుకు 1 మిల్లీలీటర్ కన్నా తగ్గితే తక్కువని లెక్క. అంటే 8 కిలోల బిడ్డకు 24 గంటల్లో సుమారు 190 మిల్లీలీటర్లు రావాలి. పూటపూటా తూచుకుంటూ టెన్షన్ పడమని కాదు. ఒక్క రోజు తూచి రాసుకుంటే, మూత్రం సరిగ్గా వస్తోందా అని డాక్టర్ అడిగినప్పుడు మీ దగ్గర అంకె ఉంటుంది.

వాసన ఒక్కటే పెట్టుకుని ఏదీ తేల్చలేం. అయితే మూత్రం మబ్బుగా, ఘాటైన అమ్మోనియా వాసనతో, పక్కన జ్వరంతో ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానం పెరుగుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విడగొడతాయి, దానివల్ల మూత్రం క్షారంగా మారి అందులోనే రాయి కడుతుంది. ఈ రకం రాళ్లు ఐదేళ్లలోపు మగపిల్లల్లో ఎక్కువ.

మూడో అడుగు: ధార చూడండి

పిల్లవాడు నిలబడి పోసేటప్పుడు పక్కనుంచి చూడండి. సన్నగా రావడం, బొట్లు బొట్లుగా పడటం, మధ్యలో తెగి మళ్లీ రావడం, చివర్లో ఏడుపు. రాయి మూత్రాశయంలో ఉంటే అది దొర్లుకుంటూ వచ్చి కింది రంధ్రానికి బిరడాలా పడుతుంది. పడుకోబెడితే, పక్కకు తిప్పితే తప్పుకుంటుంది, ధార మళ్లీ వస్తుంది. నా ఒళ్లో జరిగింది అదే. రాయి ఇంకా కిందికి దిగి మూత్రం బయటికొచ్చే దారిలో ఇరుక్కుంటే చుక్క కూడా రాదు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన కేసు.

వీలైతే ఫోన్లో ఒక్కసారి వీడియో తీయండి. మాటలతో అరగంట చెప్పినా అర్థం కానిది డాక్టర్‌కి పది సెకన్లలో తెలుస్తుంది. ఆ వీడియో డాక్టర్‌కి తప్ప ఎవరికీ పంపకండి, పని అయ్యాక తీసేయండి.

నాలుగో అడుగు: రాయిలా కనిపించేవి తెలుసుకోండి

వీటిలో రెండింటిని ముందు చెబుతాను, ఎందుకంటే ఇవి రాయి కన్నా తొందర పెట్టేవి. మొదటిది వృషణం మెలిపడటం. మగపిల్లవాడికి కడుపు నొప్పి అంటే ప్రతిసారీ నిక్కరు తీసి చూడాలి. ఒకవైపు వృషణం వాచి, పైకి లాక్కుపోయినట్టుండి, తాకనివ్వకపోతే 6 గంటలలోపు ఆపరేషన్ జరగాలి, ఆలస్యమయ్యేకొద్దీ వృషణం దక్కే అవకాశం తగ్గుతుంది. రెండోది పేగులో పేగు దూరడం. ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్లలోపు. పావుగంటకోసారి కాళ్లు ముడుచుకుని ఏడ్చి, మధ్యలో నీరసంగా పడుకుంటారు, తర్వాత ఎర్రటి జెల్లీ లాంటి విరేచనం అవుతుంది. ఇది పట్టుబడకపోతే పేగు చచ్చుబడుతుంది.

మిగతావి అంత తొందర పెట్టవు. రాయి లేని ఉత్త మూత్ర ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అంగం ముందు చర్మం బిగుసుకుపోవడం, సబ్బు మంట, నులిపురుగులు. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి, పదేపదే ఉచ్చకు పరిగెత్తేలా చేస్తుంది. పిల్లవాడు ఆఖరిసారి ఎప్పుడు, ఎలా వెళ్లాడన్నది కూడా రాసి పెట్టుకోండి.

ఐదో అడుగు: ఏ పిల్లల్లో అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి

అమ్మానాన్నలకో తోబుట్టువులకో రాళ్లుంటే, బిడ్డకు పుట్టుకతోనే కిడ్నీ లేదా మూత్రనాళంలో లోపం ఉంటే, నెలలు నిండకుండా పుట్టి మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ మందు ఎక్కువ రోజులు వాడి ఉంటే, మూత్ర ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే చిన్న గుర్తునైనా పెద్దగానే చూడాలి. ఫిట్స్‌కి వాడే టోపిరమేట్, కొవ్వు ఎక్కువగా పెట్టే కీటోజెనిక్ డైట్, ఇంజెక్షన్‌గా ఇచ్చే యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ కూడా కొందరిలో రాళ్లకు దారితీస్తాయి. అలాగని మందు మీరే ఆపేయకండి, విషయం డాక్టర్‌కి గుర్తు చేస్తే చాలు. విటమిన్ డి చుక్కల సీసాల్లో మోతాదు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఒక రకంలో 1 మిల్లీలీటర్‌లో ఉండేది ఇంకో రకంలో ఒక్క చుక్కలో ఉండొచ్చు. సీసా మారినప్పుడు పాత కొలతే పోసేస్తే ఒంట్లో కాల్షియం పెరిగిపోతుంది, మూత్రంలోకి దిగుతుంది.

పోతపాల గురించి 2008లో చైనాలో జరిగింది చెప్పుకోవాలి. మాంసకృత్తులు ఎక్కువున్నట్టు చూపించడానికి పాలపొడిలో ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ అనే రసాయనం కలిపారు. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు దెబ్బతిన్నారు, అధికారిక లెక్క ప్రకారం 6 మంది చనిపోయారు. దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు, స్కానింగ్ చేస్తేనే రాళ్లు బయటపడ్డాయి. పాలపొడి విషయంలో ఏదైనా హెచ్చరిక వచ్చినప్పుడు బిడ్డ హుషారుగానే ఉన్నాడు కదా అని వదిలేయకూడదనేది అందుకే.

ఆరో అడుగు: ఆసుపత్రికి చేతులు ఊపుకుంటూ వెళ్లకండి

రెండు రోజుల చిట్టా రాయండి. ఎన్ని గంటలకు పోశాడు, ఏ రంగు, ఏడ్చాడా, ఎంత తాగాడు, జ్వరం ఎంత, వాంతి అయిందా. ఒక పేజీ చాలు. మరకపడిన గుడ్డను శుభ్రమైన కవర్లో పెట్టి తీసుకెళ్లండి. వాడుతున్న మందుల సీసాలు, పాలపొడి డబ్బా మూతతో సహా ఫోటో తీసి పెట్టుకోండి. ఎమర్జెన్సీ గుర్తులు ఉంటే మాత్రం ఈ చిట్టాలేవీ వద్దు, వెళ్లిపోండి.

యూరిన్ శాంపిల్ ఇవ్వాలంటే చంటిపిల్లలతో పెద్ద తతంగం. అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి, కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, అది నమ్మకంగా పనికిరాదు. శుభ్రంగా కడిగి, చల్లటి నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు కింది భాగంలో గుండ్రంగా మెల్లగా రుద్దితే కొందరు చంటిపిల్లలు కొద్ది నిమిషాల్లో పోసేస్తారు. ఒకరు రుద్దాలి, ఒకరు ల్యాబ్ సీసా పట్టుకుని సిద్ధంగా ఉండాలి. అది కుదరకపోతే ఆసుపత్రిలో సన్నటి గొట్టంతో తీస్తారు, చూడ్డానికి బాధే కానీ ఫలితం సరిగ్గా వస్తుంది. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి, ఒక డోసు పడ్డాక కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.

ఏడో అడుగు: ఏ పరీక్ష ఎందుకో తెలుసుకోండి

మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్. రేడియేషన్ ఉండదు, మత్తు అక్కర్లేదు, కిడ్నీ వాచిందేమో కూడా తెలుస్తుంది. మూత్రాశయం నిండి ఉంటే బాగా కనిపిస్తుంది కాబట్టి స్కానింగ్‌కి కాసేపటి ముందు పాలు పట్టండి. కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్యలో ఉండే మూత్రనాళంలోని చిన్న రాళ్లను ఇది కొన్నిసార్లు పట్టలేదు. ఎక్స్‌రేలో కాల్షియం రాళ్లు కనిపిస్తాయి, యూరిక్ యాసిడ్ రాళ్లు కనిపించవు. అందువల్ల ఎక్స్‌రే నార్మల్ అంటే రాయి లేదని అర్థం కాదు. సీటీ స్కాన్‌లో దాదాపు అన్నీ దొరుకుతాయి కానీ రేడియేషన్ ఉంటుంది. పిల్లల్లో దాన్ని అల్ట్రాసౌండ్‌తో తేలనప్పుడే, తక్కువ మోతాదులో తీస్తారు. నేరుగా సీటీ రాస్తే ముందు అల్ట్రాసౌండ్ సరిపోదా అని అడగడంలో తప్పేం లేదు.

రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్, బైకార్బొనేట్ చూస్తారు. మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. ఈ నిష్పత్తి చంటిపిల్లల్లో సహజంగానే ఎక్కువ ఉంటుంది, రిపోర్టు పక్కన పెద్దవాళ్ల నార్మల్ అచ్చయి ఉంటే దాన్ని చూసి కంగారుపడకండి. బీపీ కూడా చూడమని అడగండి, చిన్నపిల్లల్లో చాలామంది మర్చిపోయే పని అది.

ఎనిమిదో అడుగు: రాయి పడిపోతే దొరకబుచ్చుకోండి

చిన్న రాళ్లు, ముఖ్యంగా 5 మిల్లీమీటర్లలోపువి, చాలాసార్లు వాటంతటవే పడిపోతాయి. పడేదాకా పాటీలో పోయించి సన్నటి జాలీలోంచో నాలుగు మడతల గాజుగుడ్డలోంచో వడకట్టండి. డైపర్ పిల్లలకైతే లోపల వేసిన నూలుగుడ్డను ప్రతిసారీ వెలుతురులో చూడాలి. దొరికింది ఆవగింజలో సగమే ఉన్నా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. టేప్‌కి అంటించకండి, జిగురు పరీక్షకు అడ్డొస్తుంది. రాయి దేనితో తయారైందో తెలిస్తే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. పిల్లల్లో రాయి వెనకాల ఒంట్లో ఏదో ఒక కారణం ఉండే అవకాశం పెద్దవాళ్లకన్నా ఎక్కువ.

ఈలోగా ఇంట్లో

నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వొచ్చు. ఐబుప్రొఫెన్ డాక్టర్ చెబితేనే, వాంతులతో ఒళ్లు ఎండిపోయి ఉంటే అది కిడ్నీకి చేటు. ఆస్పిరిన్ అసలు వద్దు. రాళ్లు కరిగిస్తామనే పొడులు, సిరప్‌లు చంటిపిల్లలకు పట్టొద్దు.

రాయి అనగానే నీళ్లు పట్టమంటారు. 6 నెలలలోపు బిడ్డకు విడిగా నీళ్లు పట్టకూడదు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. తల్లిపాలో, డబ్బా మీద చెప్పిన కొలతతో కలిపిన పోతపాలో తరచుగా ఇవ్వండి. పెద్దపిల్లలకు లెక్క ఇలా ఉంటుంది: మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, ఆ పైన 20 కిలోల దాకా కిలోకు 50. అంటే 12 కిలోల పిల్లవాడికి పాలతో కలిపి రోజుకు సుమారు 1100 మిల్లీలీటర్లు. రాయి ఉన్నవాళ్లకు ఇంకా ఎంత పెంచాలో డాక్టర్ చెబుతారు. మూత్రం దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు మాత్రం నీళ్లు పట్టిస్తే కొట్టుకుపోతుందని ప్రయత్నించొద్దు. కాల్షియం రాయి అన్నారని పాలు మాన్పించకండి, పెరిగే ఎముకలకు అది కావాలి. తగ్గించాల్సింది ఉప్పు, ఎందుకంటే ఉప్పు పెరిగేకొద్దీ మూత్రంలోకి దిగే కాల్షియమూ పెరుగుతుంది.

మావాడి రాయిని మత్తిచ్చి, మూత్రం దారిలోంచి సన్నటి గొట్టం పంపి లేజర్‌తో పగలగొట్టి తీశారు. ముక్కల్ని చిన్న సీసాలో మాకే ఇచ్చి ల్యాబ్‌కి పంపమన్నారు. వారం తర్వాత రిపోర్టులో స్ట్రువైట్ అని వచ్చింది, ఇన్ఫెక్షన్ వల్ల కట్టే రాయి. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "అంతకుముందు జ్వరాలేమైనా వచ్చాయా?" ఆ ఆర్నెల్లలో రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ యూరిన్ టెస్ట్ చేయించకుండానే యాంటీబయాటిక్ పట్టాం, జ్వరం తగ్గింది, మర్చిపోయాం. ఇప్పుడు జ్వరం వస్తే మందు కన్నా ముందు ల్యాబ్ సీసా తీస్తాం. స్కానింగ్ మూడు నెలలకోసారి, ఏడాది పాటు చేయించమన్నారు. ఇప్పటికి రెండు అయ్యాయి, రెండింట్లోనూ రాయి లేదు.